అన్నీ వాడి పేరు మీదే

మా తమ్ముడు చిన్న చిన్న షాపులవాళ్ళకి వెబ్‌సైట్లు చేసిపెట్టేవాడు. మా వీధిలో వాణ్ణి "సైటబ్బాయి" అనేవారు. ఆ పేరు విని ఒకసారి ఎవరో పెద్దమనిషి, వీడు ఇళ్ళ స్థలాలు అమ్ముతాడనుకుని వచ్చి, మంచినీళ్ళు తాగి, కాళ్ళు చాపుకుని కూర్చుని, "మూల బిట్టు ఏమైనా ఉందా బాబూ?" అని అడిగాడు. వీడు మొహంలో నవ్వనేది లేకుండా, "ఉందండీ, కాకపోతే అందులో ఇల్లు కట్టలేరు" అన్నాడు. కింద కుట్టు మిషను దగ్గర వింటున్న నేను నవ్వాపుకోలేక సూది వేలికి గుచ్చుకున్నాను.

కింద నా టైలరింగు షాపు, పైన వాడి గది, మధ్యలో చెక్క మెట్లు. నాకు నోరెక్కువ, వాడికి ఓపికెక్కువ. అమ్మ పోయేనాటికి వాడికి నిక్కరు బొత్తాం పెట్టుకోవడం కూడా రాదు. వాడి నిక్కర్లకు అతుకులు వేస్తూనే నేను కుట్టుపని నేర్చుకున్నాను. నాకు పెళ్ళయింది, నిలవలేదు. ఆ సంగతి ఇక్కడ అనవసరం. వాడు అసలు చేసుకోనేలేదు. నేను పోరగా పోరగా, "అలిగేవాళ్ళు ఇంతమంది ఉండగా మళ్ళీ ఇంకొకరెందుకక్కా?" అన్నాడు.

అలిగేవాళ్ళంటే వాడి షాపులవాళ్ళు. మొదట వాడు ప్రింటింగు ప్రెస్సులో విజిటింగు కార్డులు, కరపత్రాలు తయారుచేసేవాడు. జనం కార్డులు దాచుకోవడం మానేసి ఫోనులో వెతుక్కోవడం మొదలుపెట్టాక ప్రెస్సు మూతపడింది. అప్పుడు వీడు ఒక పాత కంప్యూటరు పట్టుకొచ్చి పైగదిలో పెట్టుకుని, ఎలాగో తంటాలుపడి ఈ పని నేర్చుకున్నాడు. మొట్టమొదట చేసింది వీధి చివర తాళాలు బాగుచేసే ఆయనకి. తర్వాత బేకరీ ఆవిడ, కళ్ళజోళ్ళాయన, పరుపుల షాపు, మందుల షాపు, అలా ఒకరిని చూసి ఒకరు వచ్చారు.

వాళ్ళ కోరికలు అన్నీ ఇన్నీ కావు. తాళాలాయన తన షాపు పేరు ఎంత పెద్దగా వేయించాడంటే, ఇక ఫోను నెంబరుకి చోటు మిగల్లేదు. బేకరీ ఆవిడ "రొట్టె మీంచి పొగ లేవాలి నాన్నా" అని పట్టుపట్టింది. వీడు కిందా మీదా పడి పొగ లేపాక, మాడిపోయినట్టుంది తీసెయ్యమంది. కళ్ళజోళ్ళాయన సైటులో అక్షరాలు చీమల్లా ఉండేవి. "ఎవరికీ కనబడట్లేదు అన్నయ్యా, కాస్త పెద్దవి చేద్దాం" అంటే, "కనబడనివాళ్ళే కదయ్యా నాక్కావలసింది!" అన్నాడట. వాళ్ళ మాటలు వింటుంటేనే నాకు తల ప్రాణం తోకకొచ్చేది. వాడు మాత్రం "సరే, చూద్దాం" అని మళ్ళీ మొదటినుంచీ కూర్చునేవాడు.

పొద్దున్నే టీ తాగి వీధి చివరిదాకా నడిచొచ్చేవాడు. చూసినవాళ్ళు వ్యాయామం అనుకునేవారు. కాదు. ఏ షట్టరు ఎప్పుడు లేస్తోంది, ఏ బోర్డు మీద నెంబరు మారింది, పరుపుల షాపు గోడకి ఏ రంగు పడింది, అన్నీ కళ్ళారా చూసి వచ్చి సైట్లు సరిచేసేవాడు. "తొమ్మిదికి తెరుస్తారని రాశాను, కళ్ళజోళ్ళన్నయ్య పది దాటితే గానీ రావట్లేదు. నా చేత అబద్ధాలాడిస్తున్నాడక్కా" అని వాపోయేవాడు. పరుపులాయన తల్లి పోయినప్పుడు, ఎవరూ చెప్పకముందే, "ఈ వారం షాపు మూసి ఉంటుంది, దయచేసి ఫోను చెయ్యకండి" అని రాసిపెట్టాడు. ఆయన ఆ సంగతి చాలా రోజులకి గానీ గమనించలేదు. గమనించాక పైకి వచ్చి, వాడి మంచం మీద కాసేపు కూర్చుని వెళ్ళాడు.

ఇంత జాగ్రత్త గల మనిషి ఒక్క పొరపాటు చేశాడు. వెబ్‌సైటు పేరును ఎవరిదో ఒకరి పేరు మీద నమోదు చేయించాలి, గడువు తీరేలోపు మళ్ళీ పొడిగించుకోవాలి. దానికి మెయిలు కావాలి, ఫోను నెంబరు కావాలి. "నాకు మెయిలూ గియిలూ ఏమిటి అబ్బాయ్, నువ్వున్నావుగా! నీదే రాసెయ్" అన్నాడు తాళాలాయన. సరేనని రాసేశాడు. బేకరీ ఆవిడా అదే మాట అంది. మిగతావాళ్ళని ఇక అడగడం కూడా మానేశాడు. అలా వీధిలో షాపులన్నీ వాడి మెయిలు మీదా, వాడి ఫోను నెంబరు మీదా ఉండిపోయాయి. ఏ చిన్న మార్పు చెయ్యాలన్నా అంకెల కోడు వీడి ఫోనుకే రావాలి, అది కొడితేనే పని జరుగుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారట. చేసినవాడు బాగున్నంతకాలం ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నిరుడు వాడికి కడుపులో నొప్పి మొదలైంది. కుర్చీలో వంకరగా కూర్చోవడం వల్లే అని తిట్టి, వెన్నుకి దిండు కుట్టిచ్చాను. నొప్పి తగ్గలేదు, మనిషి తగ్గిపోయాడు. ప్యాంట్లు నడుము దగ్గర నేనే లోపలికి పట్టి కుట్టేదాన్ని. ఒకసారి కుట్టాను, మళ్ళీ వదులైంది. ఇంకోసారి కుట్టాను. మళ్ళీ టేపు పట్టి చూశాక ఇక కుట్టలేదు. ఆ పూటే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

క్లోమంలో గడ్డ అన్నాడు డాక్టరు. బాగా ముదిరిపోయిందన్నాడు. "ఇప్పుడేం చేస్తారండీ?" అని అడిగాను. "నొప్పి లేకుండా చూస్తామమ్మా" అన్నాడు. ఇంకా ఏదో చెప్తాడని నేను అలాగే ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆయన మందుల చీటీ నావైపు జరిపాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడు కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు బయటికే చూశాడు. ఏడుస్తాడేమోనని నేను వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అక్కా, అన్నీ నా పేరు మీదే ఉన్నాయి" అన్నాడు.

"ఏమున్నాయిరా నీ పేరు మీద? మేడలా, మిద్దెలా?"

"షాపులు. నేను పోతే ఆ కోడు ఎవరికి వస్తుంది? గడువు తీరినప్పుడల్లా ఒక్కొక్కటీ ఆగిపోతుంది. పేరు కూడా ఇంకెవడో పట్టుకుపోతాడు. తాళం పోయినవాళ్ళు ఫోనులో చూసే కదా తాళాల బాబాయి దగ్గరికి వచ్చేది? బేకరీ పిన్నికి ఆర్డర్లన్నీ అందులోనే. అందరివీ వాళ్ళ వాళ్ళ పేరు మీదకి మార్చెయ్యాలి. ఈలోపు..."

ఈలోపు అంటే ఏమిటో చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి పోతున్నాడని డాక్టరు చెప్తే, వీడికి ఊళ్ళోవాళ్ళ తాళాలూ రొట్టెలూనా! బస్సులో అందరూ చూస్తున్నా సరే, "నీకసలు బుద్ధుందా?" అని అరిచాను. అరిచి, వాడి భుజం మీద తల పెట్టుకుని నేనే ఏడ్చాను. వాడు నా వీపు నిమురుతూ కూర్చున్నాడు.

ఇల్లు చేరాక, "ఎవరికీ చెప్పకక్కా" అన్నాడు. "చెప్తే నేర్చుకోరు. ఏడుస్తూ కూర్చుంటారు."

పని మానేస్తున్నానని మాత్రం అందరికీ చెప్పి మొదలుపెట్టాడు. ఒక్కొక్కళ్ళనీ పైకి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ ఫోనులోనే, వాళ్ళ వేలితోనే చేయించేవాడు. మెయిలు తెరవడం, సైటు పేరు తమ మీదకి మార్చుకోవడం, గడువు పొడిగించుకోవడం, షాపు వేళలు మార్చుకోవడం. "వాళ్ళకి నేర్పడమెందుకురా, నువ్వే చేసెయ్యరాదా? తొందరగా తెములుతుంది" అన్నాను. "నేను చేసేస్తే రేపు మళ్ళీ నన్నే పిలుస్తారక్కా" అన్నాడు.

కళ్ళజోళ్ళాయన బుద్ధిగా నేర్చుకున్నాడు. తాళాలాయన మాత్రం అలక పూనాడు. "పెద్ద కంపెనీవాడెవడో ఎగరేసుకుపోతున్నాడన్నమాట! వెళ్ళు అబ్బాయ్, వెళ్ళు. మాలాంటివాళ్ళతో నీకేం పని ఇంక?" అని మెట్ల కిందనుంచే అనేసి తిరిగిపోయాడు. వీడు "బాబాయ్, ఒక్క మాట విను" అంటూ దిగబోయి, సగం మెట్ల మీదే కూలబడ్డాడు. నేను పరిగెత్తి లేవనెత్తాను. తాళాలాయన వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే వాడి పరిస్థితి అప్పుడే తెలిసిపోయేది.

నాకు కావలసింది వేరు. మిషను మీద గుడ్డ కప్పేసి వాడి పక్కన కూర్చోవాలని ఉండేది. అమ్మ గొంతు ఎలా ఉండేదో వాడికి గుర్తుందో లేదో అడగాలని ఉండేది. వాడు ఖాళీగా దొరికితేనా? ఎప్పుడు పైకెళ్ళినా ఎవరికో ఫోనులో, "కుడిపక్కన పైన మూడు గీతలున్నాయి చూశావా, అక్కడ నొక్కు" అంటూ ఉండేవాడు. ఆ మూడు గీతల మీద నాకెంత అక్కసు పుట్టిందో చెప్పలేను.

మందుల షాపాయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నేను అడిగిన నొప్పి మందు ఎలాంటి జబ్బుకి ఇస్తారో ఆయనకి తెలుసు. కళ్ళు తుడుచుకుంటూ పొట్లం కట్టాడు. మంచివాడే. ఆ మంచితనం కొద్దీ సాయంత్రానికల్లా వీధంతా చెప్పేశాడు.

మర్నాటినుంచి మా మెట్లకి తీరిక లేదు. పండ్లు, బిస్కెట్లు, పూలు పట్టుకుని వచ్చి మంచం చుట్టూ నిలబడేవారు. వీడు కంప్యూటరు ముందు కూర్చోబోతే భుజాలు పట్టుకుని పడుకోబెట్టేవారు. "సైటు సంగతి ఇప్పుడెందుకు నాన్నా, నువ్వు కోలుకున్నాక చూద్దాం" అంటూ బేకరీ ఆవిడ ముక్కు చీదుకుంది. కోలుకోడని అక్కడ అందరికీ తెలుసు. జీవితంలో ఎన్నడూ గొంతు పెంచనివాడు ఆ రోజు పెంచాడు. "ఈ పండ్లెందుకు నాకు? ఒక్క అరగంట కూర్చోండి చాలు!" అన్నాడు. అందరూ బిత్తరపోయి మెల్లగా జారుకున్నారు. పోతూ పోతూ, "చిరాకు సహజమేనమ్మా, నువ్వేం అనుకోకు" అని నాకే ధైర్యం చెప్పి మరీ వెళ్ళారు.

ఆ సాయంత్రం వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నన్ను నమ్మి ఊరుకున్నారక్కా వాళ్ళు. నడిదారిలో దింపేసి పోయినట్టవుతుంది" అన్నాడు. అప్పటిదాకా ఈ పని నా తమ్ముణ్ణి నా దగ్గర్నుంచి లాక్కుంటోందని ఏడ్చేదాన్ని. ఇది తెమలకపోతే వాడికి మనశ్శాంతి ఉండదని అప్పుడు అర్థమైంది.

మర్నాడు షాపు మూసి బయల్దేరాను. నా నోటికి పని తగిలింది. బేకరీ ఆవిడ నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవబోతే, "ఆ ఏడుపేదో తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని పిన్నీ, ముందు ఫోను పట్టుకుని నడు" అన్నాను. చేతులకున్న పిండి కడుక్కోనివ్వకుండా తీసుకొచ్చాను. పరుపులాయన్ని బేరం మధ్యలో లేపాను. అందరికంటే తాళాలాయనే మొండికేశాడు. కౌంటరు వెనక తల వంచుకుని తాళంచెవి అరగదీస్తూ కూర్చున్నాడు.

"ఇంకా అలకేనా బాబాయ్?"

"అలక కాదమ్మాయ్. వాణ్ణి అన్నేసి మాటలన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రాను?"

"ఉన్న మొహమే పెట్టుకుని రా. వాడేం కొత్తది అడగట్లేదు."

వచ్చాడు. మెట్లెక్కి గుమ్మంలో నిలబడిపోయాడు. వాడు మంచం మీద కాస్త పక్కకి జరిగి చోటు చూపించాడు, అంతే. ఆ మాటల ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ఆయన బొటనవేలు ఫోనులో అక్షరం కంటే పెద్దది. ఒకటి నొక్కితే రెండు పడేవి. "తొందరేం లేదు బాబాయ్, మళ్ళీ కొట్టు" అనేవాడు వీడు. తొందర ఎంత ఉందో ఆ గదిలో అందరికీ తెలుసు. బేకరీ ఆవిడ పాస్‌వర్డు పెట్టుకోగానే సంతోషం పట్టలేక మెట్ల మీద ఉన్నవాళ్ళందరికీ వినబడేలా పైకి చదివింది. "పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదు పిన్నీ" అంటే, "వీళ్ళేమైనా పరాయివాళ్ళా?" అంది. చాలా రోజుల తర్వాత వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి వచ్చింది. అయినా నవ్వాడు.

వాడు నడవలేకపోతున్నాడు కాబట్టి పొద్దున వీధి చివరిదాకా నేనే వెళ్ళి చూసొచ్చి చెప్పేదాన్ని. కళ్ళజోళ్ళాయన తనంతట తానే వేళలు మార్చుకున్నాడని చెప్పిన రోజున వాడి మొహం వెలిగిపోయింది. ఒక్కొక్క షాపూ ఎవరిది వాళ్ళ పేరు మీదకి మారిపోతుంటే, వాడి ఫోను మోగడం తగ్గిపోయింది. చెవిలో జోరీగలా రోజంతా మోగుతుందని ఒకప్పుడు నేనే విసుక్కునేదాన్ని. ఇప్పుడు అది మోగకపోతే భయం వేసేది. కింద మిషను ఆపి మరీ పైకి చెవి పెట్టేదాన్ని.

చివరికి అందరివీ అయిపోయాయి. నా టైలరింగు షాపుది ఒక్కటే మిగిలింది. నాకూ ఒక సైటు చేసిపెట్టాడు మరి, కుట్టు ధరలూ, నేను కుట్టిన కోట్ల ఫొటోలూ, కొలతలెలా తీసుకోవాలో బొమ్మలతో సహా. "రా అక్కా, కూర్చో" అని పైనుంచి పిలిచేవాడు. జిప్పు వెయ్యాలని, అంచు మడవాలని, ఎవరో వస్తామన్నారని చెప్పి తప్పించుకునేదాన్ని. "ఊళ్ళోవాళ్ళందర్నీ చెవులు పట్టుకుని లాక్కొచ్చావు, నువ్వు మాత్రం రావేం?" అన్నాడు ఒకరోజు. తప్పక వెళ్ళి కూర్చున్నాను.

అన్నీ వాడు చెప్పినట్టే చేశాను. ఆఖర్న కోడు వాడి ఫోనుకి వచ్చింది. వాడు అంకెలు ఒక్కొక్కటీ చదివి చెప్పాడు. నేను ఒక అంకె కావాలనే తప్పు కొట్టాను. నాది కూడా అయిపోతే వాడికిక ఉండాల్సిన పనేముంది? పని మిగిలితే మనిషీ మిగులుతాడనిపించింది. పిచ్చే, కాదనను. "తప్పు పడిందక్కా, మళ్ళీ కొట్టు" అన్నాడు. మళ్ళీ తప్పు కొట్టాను. అలా కొట్టగా కొట్టగా, ఇక రేపటిదాకా కుదరదని ఫోను చూపించింది.

"రేపటిదాకా ఆగాలట" అన్నాను.

వాడు నావైపే కాసేపు చూశాడు. "అయితే ఆగుదాంలే" అన్నాడు.

మర్నాడూ అంతే చేశాను. ఆ మర్నాడూ అంతే. రోజూ నా కోసం లేచి దిండుకి ఆనుకుని కూర్చునేవాడు, రోజూ అంకెలు చదివేవాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ కాసేపూ వాడు నావాడే. అమ్మ గొంతు సంగతి కూడా అప్పుడే అడిగాను. గుర్తు లేదన్నాడు, నా గొంతే గుర్తుందన్నాడు. తర్వాత ఒకరోజు కూర్చోలేకపోయాడు. ఆ రోజు నన్ను పిలవలేదు.

అప్పటినుంచి తాళాలాయన మధ్యాహ్నాలు షాపు మూసి వచ్చి వాడి దగ్గర కూర్చునేవాడు, నేను కింద పని చూసుకోవడానికి వీలుగా. ఒక మధ్యాహ్నం ఎవరిదో కోటుకి చేతులు కొలుస్తుంటే, పైనుంచి "అమ్మాయ్" అన్నాడు. టేపు మెడలో ఉండగానే పైకి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే అయిపోయింది.

ఆ రోజు వీధిలో ప్రతి సైటులోనూ "ఈ రోజు షాపు మూసి ఉంటుంది" అని ఉందట. ఎవరిది వాళ్ళే రాసుకున్నారు. నా షాపు మాత్రం తెరిచే ఉందని చూపిస్తోంది. అది చూసుకుని ఒకావిడ గౌనుకి జిప్పు వేయించుకోవడానికి వచ్చి, మెట్ల దగ్గర జనాన్ని చూసి, ఆ గౌను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వాడు పోయాక కూడా వాడి ఫోనుకి నేను రోజూ ఛార్జింగు పెట్టేదాన్ని. నా షాపు పేరుకి గడువు దగ్గరపడుతోందని దాంట్లో పైపైన కనబడుతూ ఉండేది. తెరవడానికి దాని లాకు నాకు తెలియదు. పోతే పోనీ అనుకున్నాను. వాడే లేనప్పుడు వాడు చేసిన బొమ్మలుంటే ఎంత, పోతే ఎంత?

గడువు ఇంకొద్ది రోజులుందనగా తాళాలాయన వచ్చాడు. మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "ఆ ఫోను ఇలా తే అమ్మాయ్" అన్నాడు. తెచ్చిచ్చాను. చకచకా లాకు తీశాడు.

"నీకెలా తెలుసు?"

"వాడే చెప్పాడు."

"నాకు చెప్పకుండా నీకు చెప్పాడా?" నిజంగానే కోపం వచ్చింది నాకు.

ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీకు చెప్తే చెయ్యవన్నాడమ్మా. 'అక్క కావాలనే తప్పు కొడుతోంది బాబాయ్, నాకు తెలుసు. కొట్టనీ. నేను ఇంకా కొన్నాళ్ళుండాలని తన ఆశ. నేను పోయాక నువ్వు పక్కన కూర్చుని చేయించు' అన్నాడు."

బయట ఎవరో బట్టలిద్దామని వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళిపోయారు. ఆయన తన లావు బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కుతూ, ఏది ఎక్కడ నొక్కాలో నాకు చెప్తూ ఆఖరిదాకా తీసుకొచ్చాడు. కోడు వచ్చింది. అంకెలు చదవబోయి మానేసి, ఫోను నావైపు తిప్పాడు.

నేనే చూసుకుని కొట్టాను. ఈసారి సరిగ్గానే కొట్టాను. తప్పు కొట్టి ఆపుకోవడానికి ఇంకెవరున్నారు?